ముందు వైద్యమా, ముందు ప్రయాణమా

108 బండి మామిడితోటలోకి వచ్చి ఆగగానే చుట్టూ మూగినవాళ్ల నోట వచ్చే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: “బాబూ, ముందు బండెక్కించండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.” బండి దిగిన ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు) మాత్రం పడిపోయిన మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చుని పేరు అడుగుతాడు, నాడి పడతాడు, కంటిపాప మీద టార్చి వేసి చూస్తాడు. ఆ రెండు మూడు నిమిషాలు అయినవాళ్లకు గంటల్లా గడుస్తాయి. మనిషి పోతుంటే ఈయన పరీక్షలేంటన్న కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. ఈఎంటీ ఆగడంలోనూ అర్థం లేకపోలేదు. ఎవరి మాట ఎప్పుడు చెల్లుతుందన్నదే తేల్చుకోవలసిన విషయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు నెలకొల్పిన ఈఎంఆర్‌ఐ సంస్థ దాన్ని నడిపింది. 2009లో సత్యం కుప్పకూలాక ఆ బాధ్యత జీవీకే చేతికి వెళ్లింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సభల్లో ‘కుయ్ కుయ్ కుయ్’ అంటూ సైరన్‌ను అనుకరించడం ఇప్పటికీ చాలామందికి గుర్తే. జనం మనసులో 108 అంటే వేగం అని ఆయనకు బాగా తెలుసు. ప్రభుత్వాలు కొలుస్తూ వచ్చిందీ వేగాన్నే. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో కొత్త బళ్లకు జెండా ఊపినప్పుడు చెప్పిన లక్ష్యాలు పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20, ఏజెన్సీలో 30. ఇవన్నీ బండి రోగి దగ్గరికి చేరే సమయాలు. చేరాక ఈఎంటీ ఏం కనిపెట్టాడు, ఏం చేశాడు అన్నదానికి అంత తేలికైన కొలత లేదు.

నూజివీడు లాంటి చోట ఈ ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. నగరం నడిబొడ్డున అయితే పెద్దాసుపత్రి పక్కనే ఉంటుంది, పరుగే మేలు. మన్యంలో అయితే ఆసుపత్రి ఎంతో దూరం, బండిలో వైద్యం తప్పదు. నూజివీడు ఈ రెంటికీ మధ్యన ఉంది. ఊళ్లో ఏరియా ఆసుపత్రి ఉంది. ఇటు విజయవాడ, అటు ఏలూరు రమారమి నలభై, నలభై అయిదు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినా, పెద్ద జబ్బు అనగానే జనం కాలు విజయవాడ వైపే పడుతుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లోంచి మట్టిబాట మీద తారురోడ్డు ఎక్కడానికే కొంత సమయం పోతుంది. అంటే రోగి బండిలో గడిపేది పది నిమిషాలూ కాదు, మూడు గంటలూ కాదు. ముప్పావుగంట, గంట. ఆ గంటలో ప్రాణం పోవచ్చు, నిలబడనూ వచ్చు.

పరుగు తీయాలనేవాళ్ల వాదన ముందు విందాం. మామిడి కోతకాలంలో దానికి సాక్ష్యం ప్రతి తోటలోనూ దొరుకుతుంది. నూజివీడు చుట్టుపక్కల పాత రసాల చెట్లు ఎత్తయినవి. కాయకు దెబ్బ తగిలితే నున్న మార్కెట్‌లో ధర పడిపోతుంది కనుక కిందికి రాల్చరు, చిక్కంతో కోస్తారు. చిటారు కొమ్మల కాయల కోసం చెట్టెక్కాల్సిందే. కొమ్మ విరిగి పడిన కుర్రాడు లేచి కూర్చుని “ఏం కాలేదన్నా” అంటాడు. బీపీ కూడా మామూలుగానే ఉంటుంది. చూసేవాళ్లకు చెయ్యి విరిగిందనే తెలుస్తుంది. అనుభవమున్న ఈఎంటీ మాత్రం వేళ్లు చల్లబడటం, నాడి వేగంగా కొట్టుకోవడం, మొహం పాలిపోవడం, మాటిమాటికీ దాహమనడం చూస్తాడు. లోపల ప్లీహమో కాలేయమో చిట్లి రక్తం కడుపులో నిండుతోందని అనుమానిస్తాడు. వయసులో ఉన్న శరీరం చివరిదాకా బీపీని పట్టి ఉంచుతుంది, పట్టు వదిలితే ఒక్కసారిగా కూలుతుంది. ఆ రక్తస్రావాన్ని ఆపేది సర్జన్ కత్తి ఒక్కటే. తోటలో సెలైన్ పెట్టడానికి నరం వెతుకుతూ పోగొట్టుకున్న ప్రతి నిమిషం ఆపరేషన్ బల్లకు దూరమైన నిమిషమే. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఉందనుకోండి, దాన్ని కదులుతున్న బండిలోనూ ఇవ్వవచ్చు. 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధనలో భారతదేశంతో సహా అనేక దేశాలకు చెందిన ఇరవై వేలకు పైగా క్షతగాత్రులు ఉన్నారు. గాయమైన మూడు గంటల్లోపు, వీలైతే మొదటి గంటలోనే ఇస్తే ఆ మందు ప్రాణాలు కాపాడుతుందని అది తేల్చింది.

పరుగు పక్షం వారు ఎత్తిచూపే ఉదాహరణ 1997 ఆగస్టు 31 నాటి పారిస్ ప్రమాదం. ఫ్రాన్స్ పద్ధతిలో డాక్టరే అంబులెన్సులో వస్తాడు, ఉన్నచోటే వైద్యం మొదలుపెడతాడు. యువరాణి డయానా ప్రయాణిస్తున్న కారు అర్ధరాత్రి దాటాక 12.23కి ఢీకొంది, ఆమె ఆసుపత్రి చేరేసరికి 2.06 అయింది. చిట్లింది గుండె దగ్గరి రక్తనాళం. త్వరగా తీసుకెళ్తే బతికేదా అన్నది ఈనాటికీ వాదనే. వాదన మిగలడమే ఆ పక్షానికి బలమైంది.

అదే తోటలో మే నెల మధ్యాహ్నం మరో దృశ్యం. కాయలు మోస్తున్న కూలీ తూలి పడ్డాడు. పిలిస్తే పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు, ఒళ్లు కాలిపోతోంది. “తాగినట్టున్నాడు” అంటాడు మేస్త్రీ. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదంటాడు ఇంకొకాయన. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అన్న నమ్మకం ఊళ్లలో గట్టిగా ఉంది. కష్టం చేస్తూ వడదెబ్బ తిన్నవాళ్లకు చెమట పడుతూనే ఉండవచ్చు. చూడవలసింది తెలివి తప్పడం, ఒళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటడం. ఇక్కడ పరుగే ప్రమాదం. మెదడు, కాలేయం, మూత్రపిండాలు ఆ వేడిలో ఉన్న ప్రతి నిమిషం దెబ్బతింటాయి. అరగంటలో ఒళ్లు చల్లబడాలి, విజయవాడ అరగంటలో రాదు. కష్టం చేస్తూ పడిపోయిన వాళ్ల విషయంలో ముందు చల్లబరచడం, ఆ తర్వాతే కదిలించడం అన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం. దానికి కావలసింది తోటలోనే ఉంది. బోరు మోటారు వేసి బట్టలు సడలించి ఒళ్లంతా తడుపుతూ విసరాలి. ఐసు దొరికితే చంకల్లో, గజ్జల్లో, మెడ పక్కన పెట్టాలి. ఆ పదిహేను నిమిషాలూ బండి ఆగి ఉండటమే వైద్యం.

పురుగుమందు సంగతీ ఇంతే. పూతకాలంలో తేనెమంచు పురుగు మీద మందు కొట్టేటప్పుడు ముఖానికి గుడ్డ అయినా కట్టుకోని వాళ్లు ఎందరో. ఆర్గానోఫాస్ఫేట్ విషం ఒంట్లోకి వెళ్లినవాడి కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట నురగ, ఒళ్లంతా చెమట, నాడి మందగింపు, ఊపిరిలో గురగుర. ప్రాణం తీసేది సాధారణంగా ఆ గురగురే. ఊపిరితిత్తుల్లో నీరు నిండి మనిషి ఒడ్డున మునిగినట్టవుతాడు. దీనికి అట్రోపిన్ కావాలి, ఒక ఆంపూల్‌తో తీరేది కాదు. ఒక్కో ఆంపూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. మొదటి మోతాదే మూడు నుంచి ఐదు ఆంపూళ్లు, ఊపిరి తేలికపడేదాకా ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోవాలి. ఈలోగా తడిసిన బట్టలు విప్పి ఒళ్లు కడగాలి, లేకపోతే విషం చర్మం గుండా ఎక్కుతూనే ఉంటుంది, మూసిన బండిలో ఈఎంటీకీ ముప్పే. వాంతి కావాలని ఉప్పునీళ్లో పేడనీళ్లో పట్టించడం మరీ కీడు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఏ మందో తెలియాలంటే డబ్బా వెంట తేవాలి. కలుపుమందు పారాక్వాట్ అయితే అలవాటుగా పెట్టే ఆక్సిజన్ కూడా హాని చేస్తుంది, రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప పెట్టకూడదు. విషయం తెలియకుండా వేగంగా వెళ్లే బండి తప్పు మందునూ అంతే వేగంగా ఇస్తుంది.

ఆగవలసిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. గుండె ఆగిన మనిషికి కదిలే బండిలో ఛాతీ మీద నొక్కడం సరిగా కుదరదు. నిమిషానికి నూటికి పైగా, ఐదు సెంటీమీటర్ల లోతున నొక్కాలి. విద్యుత్ షాక్‌తో తిరిగి కొట్టుకోగల గుండె అయితే, ఆలస్యమైన ఒక్కో నిమిషానికి బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గుతుంది. కాన్పు దగ్గరపడిన తల్లికి రోడ్డు పక్కన బండి ఆపి బిడ్డను చేతుల్లోకి తీసుకోవడం 108 సిబ్బందికి కొత్త కాదు. షుగరు మాత్ర వేసుకుని అన్నం తినని పెద్దాయన నోట మాట పోయి, ఒక చెయ్యి పడిపోయి, అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చు. వేలు చివర ఒక్క రక్తపు బొట్టు పరీక్ష చేస్తే తెలిసిపోతుంది, గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చుంటాడు. ఆ బొట్టు చూడకుండా పరుగెత్తితే గంటసేపు మెదడు ఆకలితో మాడుతుంది.

ఈ రెండు పక్షాల మధ్య లెక్క తేల్చడానికి కెనడాలోని ఒంటారియోలో ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. అక్కడి నగరాల్లో మామూలు అంబులెన్సు సేవకు నరంలోకి మందులివ్వడం, గొంతులో గొట్టం వేయడం లాంటి పెద్ద వైద్యాన్ని జతచేసి, ముందూ తర్వాతా పోల్చిచూశారు. ఓపల్స్ అని దాని పేరు. గుండె ఆగినవాళ్ల విషయంలో 2004లో వచ్చిన ఫలితం: బతికినవాళ్లు నూటికి 5.0 నుంచి 5.1, అంటే తేడా లేదు. వాళ్లకు అక్కరకొచ్చింది త్వరగా ఛాతీ నొక్కడం, త్వరగా షాక్ ఇవ్వడం. తీవ్ర గాయాల విషయంలో 2008 ఫలితం ఇంకా చేదుగా ఉంది. స్పృహ బాగా తగ్గినవాళ్లలో బతికినవాళ్లు 60 శాతం నుంచి 50.9కి పడిపోయారు. ఆయాసంతో కొట్టుమిట్టాడేవాళ్ల విషయంలో 2007 ఫలితం ఇందుకు ఎదురు: మరణాలు 14.3 శాతం నుంచి 12.4కి తగ్గాయి. ఒకే పథకం మూడు జబ్బులకు మూడు జవాబులు చెప్పింది. ఒంటారియో నగరాల దూరాలు వేరు, నూజివీడు తోటల దూరాలు వేరు కాబట్టి అంకెలను ఉన్నపళంగా తెచ్చుకోలేం. ఆగడం మంచిదా, పరుగు మంచిదా అని జబ్బు పేరు చెప్పకుండా అడిగితే జవాబుండదని మాత్రం తెచ్చుకోవచ్చు.

జబ్బు పేరు ఎలా తెలుస్తుంది? అసలు కష్టం అక్కడే. తోట కాపలా మనిషి పాకలో నేలమీద పడుకుని తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడనుకుందాం. గ్యాస్ పట్టిందని ఇంట్లోవాళ్లు సోడా తాగిస్తారు. కాసేపటికి మింగడం కష్టమవుతుంది, మాట ముద్దగా వస్తుంది. పాము మాట ఎవరూ ఎత్తరు, ఎందుకంటే ఎవరూ చూడలేదు, కాటూ కనిపించదు. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరుస్తుంది, నొప్పి దాదాపు ఉండదు, వాపు రాదు. ఈఎంటీ గమనించవలసింది ఆయన కనురెప్పలు. పైకి చూడమంటే రెప్పలు లేవవు, సగం వాలి ఉంటాయి. రాత్రి నేలమీద పడుకున్నారా అన్న ఒక్క ప్రశ్నతో కథ మారిపోతుంది. అక్కడినుంచి చేయవలసింది ఊపిరి కాయడం. శ్వాస కండరాలు చచ్చుబడుతుంటే సంచితో గాలి అందిస్తూ, పాము విషానికి విరుగుడు ఉన్న అతి దగ్గరి ఆసుపత్రికి చేరాలి. రక్తపింజరి కాటు అయితే దారి వేరు. బిగించి తాడు కట్టకూడదు, కోయకూడదు, కాలు కదలకుండా బద్ద కట్టి బయల్దేరాలి.

మరి ఆ విరుగుడు మందునే బండిలో పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. గంట కలిసొస్తుందన్నది వాళ్ల మాట, అందులో నిజముంది. ఎదుటి వాదనా బలమైనదే. ఆ మందు గుర్రాల రక్తం నుంచి తీసినది, కొందరికి ఎక్కిన నిమిషాల్లోనే తీవ్రంగా వికటిస్తుంది. అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి, పక్కన డాక్టరుండాలి. మొదటి మోతాదే పది వయల్స్. పాము కరవనివాడికి, విషమెక్కనివాడికి ఇస్తే లాభం లేకపోగా ముప్పు మిగులుతుంది. ఇంతకంటే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందును, ఇవ్వగల డాక్టరును రాత్రిపూట కూడా ఉంచడం మేలని నాకనిపిస్తుంది. అది కుదరని మారుమూల చోట్లకు మాత్రం ఈ వాదన మళ్లీ తెరవాల్సిందే.

ఛాతీనొప్పిలో త్రాసు ఇంకా సున్నితంగా ఊగుతుంది. మన దగ్గర గుండెపోటుకు మారుపేరు గ్యాస్ ట్రబుల్. నమిలి మింగే 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌కు పది సెకన్లు చాలు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ అలా కాదు. చాలామంది జేబులో పెట్టుకు తిరుగుతారు, ఎవరికి నొప్పి వచ్చినా ఇచ్చేస్తారు. బీపీ పడిపోయి ఉన్నవాడికి, గుండె కుడిభాగం దెబ్బతిన్నవాడికి అది ఉన్న బీపీనీ లాగేస్తుంది. ఈసీజీ తీయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ కాగితం ముందే ఆసుపత్రికి చేరి, అక్కడ మంచం, మందు సిద్ధమైతే ఆ ఐదు నిమిషాలు పదింతలై తిరిగొస్తాయి. అవతల ఎవరూ చూడకపోతే ఐదూ వృథా. గుండెపోటు చికిత్స కోసం తెచ్చిన స్టెమి కార్యక్రమంతో రక్తం గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ రాష్ట్రంలోని ప్రభుత్వాసుపత్రుల్లోకి ఉచితంగా వచ్చింది కాబట్టి, గుండెపోటు రోగిని నేరుగా విజయవాడ తీసుకుపోవాలన్న పాత అలవాటును తిరిగి ఆలోచించుకోవాలి. దగ్గర్లో గడ్డను కరిగించి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపడం గంట దూరంలో ఉన్నవాళ్లకు మేలు. పక్షవాతం లెక్క వేరు. సీటీ స్కాన్ లేకుండా మందు ఇవ్వలేరు, నాలుగున్నర గంటలు దాటితే ఆ మందుకు మామూలుగా తలుపు మూసుకుంటుంది. కాబట్టి స్కానింగ్ లేని దగ్గరి ఆసుపత్రిలో ఆగడం ఆలస్యమే. దగ్గరి ఆసుపత్రా, తగిన ఆసుపత్రా అన్నది కూడా జబ్బే చెప్పాలి.

ఇన్ని నిర్ణయాలూ ఎవరి మీద పెడుతున్నాం? వెనక ఒక్క ఈఎంటీ, ముందు ఒక్క పైలట్ (డ్రైవరు). బండి కదిలాక రోగి దగ్గర ఉండేవి రెండే చేతులు. 2020లో చేర్చిన 412 బళ్లలో పూర్తి సరంజామా ఉన్నవి 104, ప్రాథమిక స్థాయివి 282, పసిబిడ్డల కోసం 26. అంటే తోటకు వచ్చే బండి ప్రాథమిక స్థాయిది అయ్యే అవకాశమే ఎక్కువ. ఈఎంటీ సొంతంగా మందు ఇవ్వడానికి హద్దులున్నాయి, కాల్ సెంటర్‌లోని డాక్టరుకు ఫోన్ చేసి అనుమతి తీసుకుంటాడు. స్వేచ్ఛ ఇంకా ఇవ్వాలనేవాళ్లు సిగ్నల్ అందని తోటలో ఆ ఫోన్ దేనికంటారు. హద్దు ఉండాలనేవాళ్లు తక్కువ శిక్షణతో ఎక్కువ అధికారం ప్రమాదమంటారు, ఒంటారియో అంకెలు చూపిస్తారు. నేను రెండోవైపు కొంత మొగ్గుతాను, ఒక షరతుతో: హద్దు శిక్షణతోపాటు జరుగుతూ ఉండాలి. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఈ పనిని ఒక వృత్తిగా గుర్తించింది. గుర్తింపు వచ్చాక చదువు, జీతం, ఎదుగుదల రావాలి. నిర్వహణ సంస్థ మారినప్పుడల్లా తన ఉద్యోగం ఏమవుతుందోనని చూసుకునే మనిషి నుంచి నిదానమైన తీర్పు ఆశించడం అన్యాయం.

మొత్తం మీద త్రాసు ఎటు? లోపల రక్తం కారుతున్నా, పక్షవాతం వచ్చినా, పాము కరిచినా చక్రాలు వెంటనే కదలాలి, చేయగలిగింది దారిలో చేయాలి. ఊపిరి అడ్డుపడినా, గుండె ఆగినా, ఒళ్లు కాగినా, విషం నోట నురగ కట్టినా, షుగరు పడిపోయినా, బిడ్డ తల కనిపించినా ముందు చేతులు కదలాలి. ఏది ఏదో తెలియకపోతే గుర్తించడానికి రెండు నిమిషాలు తీసుకోవడం ఆలస్యం కిందికి రాదు. అంతకుమించి తోటలో కూర్చుంటే దానికి కారణం చెప్పగలగాలి. ఈ కారణాన్ని కాగితం మీద పెట్టడం, నెలకోసారి డాక్టర్లు, ఈఎంటీలు కూర్చుని ఫలానా కేసులో ఆగడం సరైందా కాదా అని చర్చించడం ఖర్చు లేని పని. బండి చేరిన నిమిషాలతోపాటు, రోగి దగ్గర కనిపెట్టింది ఏమిటి, ఆసుపత్రి తేల్చింది ఏమిటి అన్న రెండు గడులు కూడా ప్రభుత్వం లెక్కలో చేర్చితే, ఆగిన బండి మీద అరవాలో వద్దో జనానికీ మెల్లగా తెలుస్తుంది.